కొండల్లో వేటకి తేలికపాటి రైఫిల్: ఎంత తేలికైతే మంచిది?

పోయిన ఎపిసోడ్‌లో కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఎలా తీసుకోవాలో మాట్లాడుకున్నాం. 1949 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళకి ఆ కార్డు లేకపోతే లైసెన్సు ఇవ్వరని చెప్పాను. ఆ తరవాత నన్ను ఎక్కువమంది అడిగిన మాట ఒకటే. "ఎల్క్ వేటకి కొండలెక్కాలి కదా అన్నా, అన్నిటికన్నా తేలికైన రైఫిల్ ఏది? దాన్నే కొనేస్తాను" అని.

ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో ఒక మోడల్ పేరు చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే మీకు మంచి చేసినట్టు కాదు. ఎందుకంటే అన్నిటికన్నా తేలికైన రైఫిల్ చాలామందికి సరైన రైఫిల్ కాదు. మొదటి రైఫిల్ కొనేవాళ్ళకైతే అసలే కాదు. ఎందుకో ఇవాళ వివరంగా చూద్దాం.

దానికంటే ముందు చట్టం సంగతి రెండు నిమిషాలు. ఇది దాటేసి ముందుకెళ్ళకండి.

మన వీక్షకుల్లో చాలామంది హెచ్-1బి మీద ఉన్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. అందులో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. ఆ లైసెన్సు గడువు అయిపోతే మినహాయింపు కూడా అయిపోతుంది. ఇంట్లో బీరువాలో ఉన్నా సరే, అది నేరం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ చిక్కు లేదు. వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం కొనేముందు ఒకసారి లాయర్‌తో మాట్లాడండి. రైఫిల్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వీసా స్టేటస్ పోతే ఏం చేస్తాం?

ఇక ఇండియాలో ఉండి ఈ వీడియో చూస్తున్నవాళ్ళకి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో సరదా వేట అన్నది లేదు. నల్లమలలోనైనా, తూర్పు కనుమల్లోనైనా, ఎక్కడైనా నేరమే. ఇక్కడ కొలరాడోలో పద్ధతి వేరు. ఏ జంతువుని, ఏ వారంలో, ఏ ప్రాంతంలో, ఎన్నిటిని అన్నది కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లెక్కగట్టి లైసెన్సులిస్తుంది. నేను చెప్పేదంతా ఆ లెక్కలోపల జరిగే వేట గురించే.

సరే, అసలు విషయానికొద్దాం.

దూరపు కొండలు నునుపు అంటారు కదా. డెన్వర్ నుంచి పడమటికి చూస్తే రాకీ పర్వతాలు అలాగే ఉంటాయి. దగ్గరికి వెళ్ళాక తెలుస్తుంది. డెన్వరే 5,280 అడుగుల ఎత్తులో ఉంది. అక్టోబర్, నవంబర్ రైఫిల్ సీజన్లలో మనం నడిచేది చాలాసార్లు 9 వేల నుంచి 11 వేల అడుగుల మధ్య. కాలు పెడితే జారే గులకరాళ్ళ వాలు, అడ్డంగా పడిపోయిన చెట్లు, మధ్యాహ్నానికి కరిగి సాయంత్రానికి గడ్డకట్టే మంచు. మెట్ల దారిలో తిరుమల కొండెక్కినవాళ్ళకి తెలుసు, అలిపిరి దగ్గర బరువే అనిపించని సంచి గాలిగోపురం చేరేసరికి ఎంత బరువెక్కుతుందో. ఇక్కడ మెట్లుండవు, పైగా ఊపిరికి గాలి చాలదు.

వీపు మీద సంచికి, రైఫిల్‌కి ఒక తేడా ఉంది. సంచి బరువు నడుము మీద, రెండు భుజాల మీద సర్దుకుంటుంది. రైఫిల్ ఒక భుజానికి వేలాడుతుంది, లేదా చేతిలో ఉంటుంది. చేతిలో ఉంటే ఆ చెయ్యి మీది కాదు. జారినప్పుడు పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. అందుకే కొండల్లో తేలిక రైఫిల్ అడగడంలో తప్పేమీ లేదు.

ఇదిగో, నా బల్ల మీద రెండు రైఫిళ్ళున్నాయి. రెండూ ఖాళీవే, బోల్టులు తీసి పక్కన పెట్టాను, చూడండి. మొదటిది మామూలు రైఫిల్, వట్టిది 8 పౌండ్లు. దీనిమీద పెద్ద స్కోప్ ఒకటిన్నర పౌండు. స్కోప్ రింగులు, భుజం పట్టీ, నాలుగు తూటాలు అన్నీ కలిపితే 10 పౌండ్లు దాటింది. అంటే నాలుగున్నర కిలోల పైన. రెండోది వట్టిది ఆరున్నర పౌండ్లలోపు. చిన్న స్కోప్ పెట్టాను. అన్నీ కలిపితే ఏడున్నర పౌండ్ల దగ్గర ఆగింది. సుమారు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. తేడా కిలోకి పైమాటే. రోజంతా మోసేవాడికి అది చిన్న తేడా కాదు.

ఇక్కడ మొదటి పాఠం. దుకాణంలో కాగితం మీద రాసే బరువు వట్టి రైఫిల్ బరువు. మీరు మోసేది మొత్తం బరువు. మొత్తమే లెక్కపెట్టండి.

మరైతే ఇంకా తగ్గిద్దాం, ఐదు పౌండ్లకి తెద్దాం అంటారా? తేవచ్చు. మార్కెట్లో ఉన్నాయి. కింబర్ మౌంటెన్ అసెంట్ వట్టిది 4 పౌండ్ల 13 ఔన్సులు. పట్టుకుంటే బొమ్మ తుపాకీలా ఉంటుంది. కానీ తగ్గించిన ప్రతి ఔన్సుకీ ఎక్కడో బదులివ్వాలి. అది ముఖ్యంగా మూడు చోట్ల.

మొదటిది తన్నుడు. తూటా ముందుకి వెళ్తే తుపాకీ వెనక్కి తంతుంది, న్యూటన్ మూడో సూత్రం. అదే తూటా, అదే మందు అయితే రైఫిల్ బరువు ఎంత తగ్గితే తన్నుడు శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. లెక్క చెప్తాను. .308 విన్చెస్టర్, 150 గ్రెయిన్ల బుల్లెట్, మొత్తం 8 పౌండ్ల రైఫిల్‌లో సుమారు 16 ఫుట్-పౌండ్లు తంతుంది. అదే తూటా 6 పౌండ్ల రైఫిల్‌లో 21, 22 దాకా వెళ్తుంది. .300 విన్చెస్టర్ మాగ్నమ్ అయితే 8 పౌండ్ల రైఫిల్‌లోనే 30 దగ్గర ఉంటుంది. దాన్ని ఆరున్నర పౌండ్ల రైఫిల్‌లో పెడితే 37. మొదటిసారి కొనేవాళ్ళు ఎక్కువగా పడే గుంట ఇదే. ఎల్క్ పెద్ద జంతువు కాబట్టి పెద్ద తూటా కావాలనుకుంటారు, కొండ కాబట్టి తేలిక రైఫిల్ కావాలనుకుంటారు. రెండూ కలిపి కొంటారు. రేంజ్‌లో ఐదు తూటాలు పేల్చాక ఆరోది పేల్చాలంటే మనసొప్పదు.

భుజం నొప్పి రెండు రోజుల్లో పోతుంది. అసలు ముప్పు అలవాటులో ఉంది. తన్నుతుందని తెలిసిన శరీరం పేలకముందే బిగుసుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా లాగేస్తుంది. గురి అక్కడే తప్పుతుంది. మనకి తెలియకుండానే జరుగుతుంది ఇది. కనిపెట్టడానికి తేలిక మార్గం ఉంది. రేంజ్‌లో పక్కవాణ్ణి మీ రైఫిల్‌లో ఒకసారి అసలు తూటా, ఒకసారి ఉత్తి డమ్మీ తూటా, మీకు చెప్పకుండా పెట్టమనండి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం కిందికి కుదుపిస్తే మీకు ఆ జబ్బు పట్టినట్టే.

రెండోది నిలకడ. బరువైన రైఫిల్ ఒకచోట కుదురుగా కూర్చుంటుంది. తేలికది మీ గుండె కొట్టుకోవడంతో పాటు ఊగుతుంది. వాలు ఎక్కి వచ్చి, రొప్పుతూ, మోకాలి మీద కూర్చుని గురి పెడితే స్కోప్‌లో గీతలు నాట్యం చేస్తాయి. దీనికి తోడు ట్రిగ్గర్ ఉంది. ట్రిగ్గర్ లాగడానికి 5 పౌండ్ల బలం కావాలి, రైఫిల్ బరువే ఐదున్నర పౌండ్లు అనుకోండి. మీ వేలు ట్రిగ్గర్‌తో పాటు రైఫిల్‌నే పక్కకి లాగేస్తుంది. అందుకని తేలిక రైఫిల్ కొంటే ట్రిగ్గర్ శుభ్రంగా, రెండున్నర మూడు పౌండ్ల దగ్గర తెగేలా ఉండాలి. సర్దుబాటు చేయడం గన్‌స్మిత్ పని. ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పకండి.

మూడోది వేడి. తేలిక కోసం గొట్టాన్ని పెన్సిల్‌లా సన్నం చేస్తారు. మూడు తూటాలు వరసగా పేల్చేసరికి అది కాలిపోతుంది, గుళ్ళు చెల్లాచెదురవడం మొదలవుతుంది. వేటలో ఇది పెద్ద సమస్య కాదు. అక్కడ కావలసింది చల్లటి గొట్టం నుంచి మొదటి తూటా, అవసరమైతే రెండోది. కానీ రేంజ్‌లో గురి సరిచేసుకునేటప్పుడు తొందరపడితే తప్పు లెక్క వస్తుంది. ప్రతి మూడు తూటాలకీ ఆగి చల్లారనివ్వండి. కార్బన్ ఫైబర్ చుట్టిన గొట్టాలొచ్చాయి. అదే మందంలో స్టీలు గొట్టం కంటే తేలిక. బావుంటాయి, ధర కూడా అలాగే ఉంటుంది.

ఈ మూడూ ఎందుకింత సాగదీసి చెప్తున్నానంటే, గురి తప్పితే పోయేది మన తూటా ఒక్కటే కాదండీ. పొట్టలో తగిలిన ఎల్క్ అక్కడ పడిపోదు. దట్టమైన అడవిలోకి నడిచి వెళ్ళిపోతుంది, గంటల తరబడి బాధపడుతుంది. కొలరాడో నిబంధనల ప్రకారం గాయపడ్డ జంతువుని వెతికి పట్టుకోవడానికి వేటగాడు తగినంత ప్రయత్నం చెయ్యాలి. నిబంధన లేకపోయినా చెయ్యాల్సిందే. చీకటి పడుతున్న వేళ, మంచులో, టార్చి లైటు వెలుగులో ఎర్రటి చుక్కలు వెతుక్కుంటూ నడిచినవాళ్ళెవరూ "నా రైఫిల్ అర కిలో తేలిక" అని సంబరపడరు.

మరి బరువు ఎక్కడ తగ్గించాలి? నా వరస చెప్తాను.

ముందు స్కోప్. ఇక్కడ తగ్గించిన బరువుకి మనం ఇచ్చుకునేది చాలా తక్కువ. 4-16 రెట్ల పెద్ద స్కోప్ ఒకటిన్నర, రెండు పౌండ్లు ఉంటుంది. 2-7, లేదా 3-9 స్కోప్ 12, 13 ఔన్సుల్లో వస్తుంది. 300 గజాల లోపు ఎల్క్‌కి 9 రెట్లు ధారాళం. పెద్ద స్కోప్ పైన కూర్చుంటే రైఫిల్ తల బరువై, భుజం మీద పక్కకి తిరిగిపోతుంది కూడా.

తరవాత గొట్టం పొడవు. 24 అంగుళాల బదులు 22 లేదా 20 తీసుకుంటే బరువు తగ్గుతుంది, చెట్ల కొమ్మల్లో చిక్కుకోదు. బదులుగా అంగుళానికి సుమారు 25 అడుగుల వేగం పోతుంది, శబ్దం పెరుగుతుంది. మనం వేటాడే దూరాలకి ఇది చెల్లిపోయే నష్టమే. కొలరాడోలో చట్టం అడిగే కనీస పొడవు 16 అంగుళాలు.

మూడోది స్టాక్, అంటే భుజానికి ఆనించే దిమ్మ. చెక్క అందంగా ఉంటుంది, కానీ తడికి ఉబ్బి గొట్టాన్ని నొక్కితే గురి మారుతుంది. మంచులో తిరిగే రైఫిల్‌కి సింథటిక్ స్టాక్, స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ మందంగా ఉండాలి. అక్కడ రెండు ఔన్సులు మిగుల్చుకోవాలని చూడకండి.

తన్నుడు తగ్గించడానికి మజిల్ బ్రేక్ అని గొట్టం చివర బిగిస్తారు. పని చేస్తుంది, అబద్ధం కాదు. కానీ ఆ పేలుడు శబ్దం పక్కలకి, వెనక్కి తిరిగి వస్తుంది. చెవులకి రక్షణ లేకుండా ఒక్కసారి పేల్చినా వినికిడికి దెబ్బే. పక్కన మీ అబ్బాయో అమ్మాయో కూర్చుని ఉంటే వాళ్ళకీ దెబ్బే. బ్రేక్ బిగించి భరించాల్సిన తూటా కంటే, బ్రేక్ అక్కర్లేని తూటా ఎంచుకోవడం తెలివైన పని.

అలా తూటా దగ్గరికొచ్చాం. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 కాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. అది చట్టం గీసిన కనీస గీత. తేలిక రైఫిల్‌కి నాకు నచ్చేవి మూడు. 1980లో వచ్చిన 7 ఎంఎం-08 రెమింగ్టన్, 1952లో వచ్చిన .308 విన్చెస్టర్, ఇంకా .270 విన్చెస్టర్. ఈ మూడోది 1925 నాటిది. దీనికి పేరు తెచ్చిన రచయిత జాక్ ఓ'కానర్. 'ఔట్‌డోర్ లైఫ్' పత్రికలో ఏళ్ళ తరబడి రాశారాయన, కొండ గొర్రెల వేటలో .270నే నమ్ముకున్నారు. 6.5 క్రీడ్‌మూర్ తన్నుడు ఇంకా తక్కువ, 6 పౌండ్ల రైఫిల్‌లో కూడా 17 ఫుట్-పౌండ్ల దగ్గరే ఉంటుంది. ఎల్క్‌కి సరిపోతుందా అని వాదనలున్నాయి. మంచి బుల్లెట్ వేసి, దూరం తగ్గించుకుని, సరైన చోట కొడితే సరిపోతుందని నా అభిప్రాయం. మాగ్నమ్‌లు మొదటి రైఫిల్‌కి వద్దు.

తేలిక రైఫిల్ మోజు కొత్తదేమీ కాదు. విన్చెస్టర్ మోడల్ 70 ఫెదర్‌వెయిట్ 1952లోనే వచ్చింది, .308 తూటాతో పాటే. రెమింగ్టన్ మోడల్ సెవెన్ 1983లో వచ్చింది. అప్పట్లో 7 పౌండ్లుంటే ఈకంత తేలిక అనేవారు. ఇవాళ 7 పౌండ్లంటే మామూలు రైఫిల్. కానీ మనిషి భుజం మాత్రం 1952లో ఉన్నట్టే ఉంది.

ఇక పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తాను, ఏ కంపెనీ నాకు డబ్బులివ్వలేదు. మొదటిసారి కొనేవాళ్ళకి టిక్కా టీ3ఎక్స్ లైట్ చూడమంటాను. ఫిన్లాండ్‌లో సాకో కంపెనీ తయారు చేస్తుంది. 6.4 పౌండ్ల దగ్గర ఉంటుంది, బోల్టు నూనె రాసినట్టు జారుతుంది, ట్రిగ్గర్ బావుంటుంది. చెక్క ఇష్టమైతే ఆ ఫెదర్‌వెయిట్ ఇప్పటికీ దొరుకుతుంది. అందులో మూడు స్థానాల సేఫ్టీ ఉంది. మధ్య స్థానంలో పెడితే ట్రిగ్గర్ లాక్‌లో ఉండగానే బోల్టు ఆడించి తూటా బయటికి తీయొచ్చు. చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు దాని విలువ తెలుస్తుంది. 5 పౌండ్ల రైఫిళ్ళు మాత్రం, రెండు మూడు సీజన్లు చేసి, ఏడాదికి రెండు వందల తూటాలైనా పేల్చే అలవాటున్నవాళ్ళకి.

దుకాణానికి వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలి? రైఫిల్ ఖాళీగా ఉందని మీరే కళ్ళతో చూసుకోండి. వేటకి వేసుకునే మందపాటి కోటు తీసుకెళ్ళండి. అది వేసుకుని, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి. కళ్ళు తెరిస్తే స్కోప్ నిండా వెలుగు కనపడాలి. తల అటూ ఇటూ వెతుక్కోవాల్సి వస్తే ఆ స్టాక్ మీకు కుదరదు. మనవాళ్ళలో కాస్త పొట్టిగా ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి ఇక్కడి స్టాకులు తరచూ పొడవైపోతాయి. పొట్టి స్టాక్ ఉన్న మోడల్ అడగండి, సిగ్గుపడక్కర్లేదు. నచ్చిందని డబ్బు కట్టినా కొలరాడోలో మూడు రోజులు ఆగాలి, 2023 నుంచి అది చట్టం. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళ చేతికి అందకుండా తాళం వేసి పెట్టడం కూడా ఇక్కడ చట్టమే. తాళం పెట్టె డబ్బులు రైఫిల్ బడ్జెట్‌లోనే కలిపి లెక్కేసుకోండి.

కొన్నాక అసలు పరీక్ష. రేంజ్‌లో బెంచి మీద ఇసుక సంచులు పెట్టి పేల్చి, మూడూ ఒకే చోట పడ్డాయని ఫొటో పెట్టుకోవడం పరీక్ష కాదు. కొండలో బెంచి ఉండదు. మన ఫంక్షన్లలో టిఫిన్ పెట్టే పేపర్ ప్లేటు తీసుకోండి, 9 అంగుళాలది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తుల చోటు అంతకంటే కొంచెం పెద్దదే, కానీ మనకి ఆ వెసులుబాటు వద్దు. 100 గజాల దగ్గర నిలబెట్టండి. రేంజ్‌వాళ్ళు ఒప్పుకుంటే, రైఫిల్ అక్కడే వదిలేసి ఓ రెండు నిమిషాలు గుంజీలు తీసి, రొప్పుతూ వచ్చి, కింద కూర్చుని, సంచి మీద గానీ కర్రల మీద గానీ ఆనించి ఐదు పేల్చండి. ఐదుకి ఐదూ ప్లేటులో పడితే 150కి వెళ్ళండి, తరవాత 200. ఏ దూరంలో ఒక్కటి బయట పడిందో, దానికి ముందు దూరమే మీ హద్దు. తేలికదీ బరువైనదీ రెండూ అరువు తెచ్చుకోగలిగితే రెండిటితోనూ చేసి చూడండి. ఏది కొనాలో ఆ ప్లేటే చెప్తుంది, నా మాట అక్కర్లేదు.

నడిచేటప్పుడు ఒక్క నియమం. రాళ్ళ వాలు మీద, పడిపోయిన చెట్లు దాటేటప్పుడు, చాంబర్‌లో తూటా ఉండకూడదు. మ్యాగజైన్‌లో ఉంటే చాలు. జంతువు కనిపించాక బోల్టు ఆడించడానికి రెండు సెకన్లు. సేఫ్టీ వేశాం కదా అనకండి, సేఫ్టీ కూడా యంత్రమే, యంత్రం ఎప్పుడైనా మొరాయిస్తుంది. తేలిక రైఫిల్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే చేతిలో ఉన్న సంగతే మర్చిపోతాం. ఫ్లోరసెంట్ నారింజ గానీ గులాబీ గానీ నడుము పైన 500 చదరపు అంగుళాలు, తల మీద టోపీ, ఇవి తప్పనిసరి అని మీకు తెలుసు.

ఒక లెక్క చెప్పి ముగిస్తాను. వేట ఫలిస్తే మాంసం అడవిలో వదిలేయడానికి వీల్లేదు, తినదగ్గదంతా మోసుకు రావాలి. పెద్ద మగ ఎల్క్ అయితే ఎముకలు తీసేసినా 200 పౌండ్ల దాకా ఉండొచ్చు. నాలుగైదు విడతలు మొయ్యాలి. ఆ బరువు ముందు రైఫిల్‌లో తగ్గించిన అర పౌండు ఎంత? జూన్ నుంచి వారానికి మూడు రోజులు సంచి వేసుకుని కొండెక్కితే, డబ్బు పెట్టి కొన్న తేలికదనం కంటే ఎక్కువ తేలిక ఊరికే వస్తుంది. నా సలహా అంతా కలిపి ఒక్క మాటలో: స్కోప్‌తో, పట్టీతో, తూటాలతో కలిపి 7 నుంచి 8 పౌండ్ల మధ్య, తక్కువ తన్నే తూటా, మంచి ట్రిగ్గర్. మిగిలిన డబ్బులతో తూటాలు కొనుక్కుని సాధన చెయ్యండి.

ఆఁ, ఇంకో ముఖ్యమైన సంగతి. సీజన్ అయ్యాక డిసెంబర్‌లో చాలామంది హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ వెళ్తారు. వేటకి వాడిన బ్యాగు ఊరికి తీసుకెళ్ళకండి. మూల జేబులో మర్చిపోయిన ఒక్క తూటా అక్కడి ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. మనవాళ్ళు ఇలా ఇరుక్కున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. వేట బ్యాగు వేటకే, ఊరి బ్యాగు ఊరికే.

వచ్చే ఎపిసోడ్‌లో వాలు మీద, పైకీ కిందికీ గురి పెట్టేటప్పుడు దూరం లెక్క ఎలా మారుతుందో చూద్దాం. 30 డిగ్రీల వాలులో 400 గజాల దూరాన్ని 346 గజాలుగా ఎందుకు లెక్కపెట్టాలో అక్కడ చెప్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండండి. సెలవు, నమస్కారం.